ఇరవై కిలోల రాయి

నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. జగ్గయ్యపేటలో ఒక పప్పుల కొట్టువారి ఇరవై కిలోల ఇనప తూకం రాయి అడుగున చిన్న గుంత ఉండేది. ఆ గుంతలో మా వంటింటి పసుపు కలిపి కూరి, పైన కుంకుమ బొట్టు పెట్టి, ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టింది నేనే. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు పేజీలో "ఎండ ఎక్కువ" అని మాత్రం ఉంది.

ఇప్పుడు నేను ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ముందు జవాబు రాసుకుని, తర్వాత దానికి తగిన రీడింగులు వేసుకునే మీలాంటి పిల్లల్ని రోజూ చూస్తుంటాను. మిమ్మల్ని అలా చూసినప్పుడల్లా నా మొదటి ఉద్యోగం గుర్తొస్తుంది. అందుకే ఇది మీకే రాస్తున్నాను.

జగ్గయ్యపేట బజార్లో ఆ పప్పుల హోల్‌సేల్ కొట్టు పక్కనే సైకిళ్ల షాపు. కొట్టు పెద్దాయనది. షాపు ఆయన రెండో అబ్బాయిది. ఈయన ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది పడక తిరిగొచ్చి ఖరీదైన సైకిళ్లు పెట్టారు. సిమెంటు ఫ్యాక్టరీల ఇంజనీర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కొనేవారు. క్వారీల రోడ్ల మీద తిరిగిన ఆ సైకిళ్లు సర్వీసుకి వచ్చేటప్పటికి పిండి చల్లినట్టు తెల్లగా ఉండేవి. బజారంతా మా ఓనరుగారిని చిన్న షావుకారు అనేది. ఆయనకి ఆ పిలుపు గిట్టదు. సార్ అనమని మాకైతే చెప్పగలిగారు గానీ, బజారుకి చెప్పలేకపోయారు.

డిగ్రీ అవగానే నన్ను తీసుకుంది బిల్లింగ్ కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి. నేను పెద్దగా మాట్లాడను. ఎవరైనా కొత్తవాళ్లు లోపలికొస్తే ముందు బల్ల కింద ఏదో వెతుక్కునేదాన్ని. కానీ చదవడానికి ఏదైనా దొరికితే వదిలిపెట్టను. పెట్టెల్లో వచ్చే మాన్యువల్ కాయితాలు అందరూ చెత్తబుట్టలో వేస్తుంటే నేను తీసి ఇంటికి పట్టుకెళ్లి చదివేదాన్ని. అది కనిపెట్టి ఓనరుగారు ఒక రోజు ఒక పవర్ మీటర్ పెట్టె నా ముందు పెట్టి, ఇక నుంచి ఇది నీ పని అన్నారు.

పవర్ మీటర్ అంటే పెద్ద యంత్రమేం కాదు. పెడల్ని తిప్పే కడ్డీని క్రాంక్ అంటారు. తొక్కినప్పుడు అది కంటికి కనపడనంత వంగుతుంది. ఆ వంపుని కొలిచి, మనం ఎన్ని వాట్ల బలం పెడుతున్నామో ఫోన్‌లో చూపిస్తుంది. ఎదురుగాలి వస్తే వేగం తగ్గొచ్చు, పల్లం వస్తే పెరగొచ్చు. కాళ్లు పెట్టిన బలం మాత్రం ఆ అంకెలో ఉన్నదే. మా మెకానిక్ మేస్త్రిది కోదాడ వైపు. ఆయనకి ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"తొక్కేటోనికి తెల్వదా ఎంత తొక్కుతుండో? గీ డబ్బా చెప్పాల్నా?" అనేవాడు.

దాన్ని వాడేముందు ప్రతిసారీ జీరో చేయాలి. ఏసీ గదిలోంచి తీసిన సైకిల్ని ఇరవై నిమిషాలు బయట ఉంచి, లోహాన్ని ఎండకి అలవాటు పడనివ్వాలి. క్రాంక్ నిటారుగా కిందకి ఉండాలి. దాని మీద ఎవరి కాలూ ఉండకూడదు. అప్పుడు ఫోన్‌లో నొక్కి, ఏ బరువూ లేనప్పుడు ఇదీ నీ పరిస్థితి అని దానికి చెప్పాలి. ఆ పనంతటిలో నాకు ఆ ఒక్క నిమిషం చాలా ఇష్టం. ఎవరితో మాట్లాడక్కర్లేదు. మేస్త్రి కూడా పానా కింద పెట్టేసి, అమ్మాయి ధ్యానంల ఉంది, సప్పుడు జేయకుండ్రి అని వచ్చినవాళ్లని గుమ్మంలోనే ఆపేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నందిగామ నుంచి ఒక స్కూలు పీఈటీ సారు వచ్చారు. వెంట ఇంటర్ చదివే అమ్మాయి. వాళ్లమ్మా నాన్నా మిరప చేలల్లోకి కూలికి వెళ్తారట. సారే పాత భాగాలు ఏరి ఆ అమ్మాయికి సైకిలు కట్టారు. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ, హాస్టలూ చదువూ తనే చూసుకుంటూ, సైకిల్ పోటీలకి పిల్లల్ని తయారుచేస్తుంది. ఇరవై నిమిషాలు ఆగకుండా తొక్కి, సగటున రెండొందల వాట్లు దాటిన రికార్డు పంపితేనే ట్రయల్‌కి పిలుస్తారు. సోమవారం లోపు పంపాలి. సారు పాత విద్యార్థి ఎవరో తను వాడి వదిలేసిన పవర్ మీటర్ ఇచ్చాడు. ఎడమ క్రాంక్‌కి ఉండే రకం. పాత యజమాని దాని సెట్టింగులు ఏవేవో మార్చేశాడు. అది నిజం చెబుతోందో లేదో తేల్చి, రేపు పొద్దున్నకల్లా ఇవ్వాలి.

ఆ అమ్మాయి నాకు పూర్తిగా వ్యతిరేకం. వచ్చిన పది నిమిషాల్లో మేస్త్రికి కూతురైపోయింది, నాకు చెల్లెలైపోయింది. "అక్కా, ఇది సరిగ్గా చెప్పకపోతే నేను మళ్లీ మిరపకాయలే కోసుకోవాలి" అని నవ్వుతూ చెప్పింది. ఆ మాట నవ్వుతూ చెప్పినందుకు నాకు ఎక్కువ భయం వేసింది.

తేల్చే పద్ధతి మాన్యువల్లో ఉంది. క్రాంక్‌ని రసమట్టం పెట్టి సమంగా నిలిపి, పెడల్ ఇరుసుకి తెలిసిన బరువు వేలాడదీయాలి. బరువూ, క్రాంక్ పొడవూ తెలుసు కాబట్టి ఎంత చూపించాలో లెక్క కట్టొచ్చు. అంత చూపించకపోతే, చూపించేదాకా ఒక అంకె సరిచేయాలి. దానికి ఇరవై కిలోల కచ్చితమైన బరువు కావాలి. "పక్కనే ఉంది కదా, నాన్నగారి కొట్లో ఒక రాయి అడిగి పట్టుకురా" అన్నారు ఓనరుగారు.

పెద్దాయన కొట్లో ఎప్పుడో ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. అయినా పాత ఇనప రాళ్లని గల్లాపెట్టె కింద వరసగా పేర్చి ఉంచారు. దసరాకి వాటికి పసుపు రాసి బొట్లు పెట్టి పూజ చేస్తారు. నేను వెళ్లి రాయి కావాలని అడిగితే ఆయన కళ్లజోడు పైకి జరిపారు. శుక్రవారం పూట తూకం రాళ్లు గడప దాటవని, లక్ష్మి బయటికి పోతుందని అన్నారు. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డారేమో, ఇంతకీ దేనికని అడిగారు. సైకిలుకి వేలాడదీయడానికండి అన్నాను. అంతకన్నా వివరంగా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఓస్, దానికేనా. అదిగో, ఆ మూలది పట్టుకెళ్లు. అది తూకానికి రాదు."

ఆ మాట విన్నాను. విని, కాటా వచ్చాక ఏ రాయి మాత్రం తూకానికి వస్తుంది, అందుకే అలా అన్నారనుకున్నాను. ఎందుకండీ అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. నా సిగ్గు నాకు చేసిన నష్టాలన్నిట్లో అది పెద్దది.

రాయి మీద "20 కి." అని పోత పోసి ఉంది. అడుగంతా ఏళ్ల తరబడి పెట్టిన పసుపు, కుంకుమ గట్టిపడి పెచ్చు కట్టింది. కాటా మీద ఒకసారి చూద్దామా సార్ అని నసిగాను. ఓనరుగారు, మా నాన్న రాయిని అనుమానించేవాళ్లు ఈ బజార్లో పుట్టలేదన్నారు. వేలాడదీశాం. మీటర్ తక్కువ చూపించింది. లెక్క ప్రకారం వచ్చేదాకా అంకె పెంచాను. మర్నాడు సైకిలు తీసుకెళ్లేటప్పుడు నేను రాసుకున్న కాయితం చూసి పీఈటీ సారు, నీ రాత బావుందమ్మా అన్నారు.

ఆదివారం ఆ అమ్మాయి కంచికచర్ల నుంచి సర్వీసు రోడ్డు మీద కీసర వైపు తొక్కింది. రెండొందల ఎనిమిది వచ్చింది. సారు రికార్డు పంపారు. సోమవారం సాయంత్రానికి ట్రయల్‌కి పిలుపొచ్చింది, వచ్చే సోమవారానికి. ఓనరుగారు షాపులో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. నేను రెండు ముక్కలు తిన్నాను.

మంగళవారం రాయి తిరిగి ఇచ్చేద్దామని చూస్తే దానికి గొలుసు గ్రీజు అంటుకుని ఉంది. పూజ చేసుకునే వస్తువు, మరకతో ఎలా ఇస్తామని షాపు వెనక కుళాయి కింద పెట్టి సబ్బుతో తోమాను. గ్రీజు పోయింది. దానితో పాటు అడుగున పసుపు పెచ్చు మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక గుంత. లోపల నా బొటనవేలు మొత్తం పట్టింది.

ఇనప రాళ్లకి అడుగున అలాంటి గుంత ఉంటుంది. అందులో సీసం పోసి, బరువు సరిగ్గా చేసి, ఆ సీసం మీద తూనికల శాఖవాళ్లు ముద్ర వేస్తారు. ఈ రాయిలో సీసం ఎప్పుడో రాలిపోయింది. ఏటేటా దసరాకి పెట్టిన పసుపే ఆ గుంతని నింపుకుంటూ వచ్చింది. పైగా ఒక అంచు పగిలి ఉంది. తూకానికి రాదని పెద్దాయన అన్నది అందుకు.

రాయిని గోనెసంచిలో వేసి స్కూటీ ముందు పెట్టుకుని, బస్టాండు వెనక పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లాను. వాళ్ల కాటా మీద పెట్టాను. పద్దెనిమిది కిలోల తొమ్మిది వందలు. అమ్ముతావా అమ్మా అని కొట్టతను అడిగాడు. లేదండీ, ఊరికే చూద్దామని అన్నాను. ఇనుము ఊరికే చూసేవాళ్లని అతను అంతకు ముందు చూసి ఉండడు.

ఆ బరువుని ఇరవై అనుకుని మీటర్‌ని సరిచేశాను కాబట్టి, అది వందకి ఆరు చొప్పున ఎక్కువ చూపిస్తోంది. ఆ అమ్మాయి తొక్కింది రెండొందల ఎనిమిది కాదు, నూట తొంభయ్యారు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ట్రయల్‌లో వాళ్ల మీటర్ పెడతారు. తన బలం రెండొందల ఎనిమిది అని నమ్మిన పిల్ల మొదటి నిమిషం నుంచీ ఆ అంకె మీదే తొక్కుతుంది. పది, పన్నెండు నిమిషాలకి కాళ్లు చచ్చుబడిపోతాయి. దిగిపోవాల్సి వస్తుంది.

వెంటనే చెప్పేయాలనే పెద్దాయన కొట్టుకి వెళ్లాను. సంచిలో రాయి అలాగే ఉంది. లోపల చిల్లర కొట్టువాడొకడు, క్రితంసారి కందిపప్పు బస్తా తక్కువొచ్చిందని గొణుగుతున్నాడు. పెద్దాయన బస్తా తెప్పించి కాటా మీద పెట్టించారు. సరిగ్గా ఉంది. అయినా ఆయన గల్లాపెట్టె వెనక నుంచి లేచి వచ్చారు. "మూడు తరాల కొట్టు ఇది. ఏ రాయి కావాలంటే ఆ రాయి తీసి తూచుకో. గుండు సూదంత తేడా వస్తే ఈ కొట్టు మూసేస్తా" అన్నారు.

ఆ మాటలు విని నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. రాయి కథ బయటికొస్తే, అది తూకానికి వాడని రాయని ఎవరు వింటారు? షావుకారి ఇరవై కిలోల రాయి ఇరవై లేదనే ముక్క ఒక్కటే బజారంతా తిరుగుతుంది.

ఇంటికి వెళ్లాను. మేం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం. మా ఇంట్లో పసుపు కూరల్లోకే గానీ రాళ్లకీ గడపలకీ కాదు. పోపుల డబ్బాలోంచి వంటపసుపు తీసి ముద్దగా కలిపి గుంతలో కూరాను. పూజకి వేరే పసుపు ఉంటుందని నాకు తెలీదు. ఫ్యాన్సీ షాపులో కుంకుమ పొట్లం కొన్నాను. బొట్టు ఎంత పెట్టాలో తెలీక పెద్దదే పెట్టాను. ఆరాక తీసుకెళ్లి, పెద్దాయన భోజనానికి లేచిన వేళ చూసి ఆ మూలన పెట్టి వచ్చాను.

ఇక ఆ అమ్మాయికి చెప్పాలి. బుధవారం చెప్పలేదు. గురువారం సారు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. శుక్రవారం, శనివారం కూడా అంతే. నిజం చెప్పాలంటే రాయి సంగతి చెప్పాలి. రాయి సంగతి చెప్పకుండా ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం పిరికితనం.

శనివారం సాయంత్రానికి దారి దొరికింది. ఆ అమ్మాయి క్రాంక్ పొడవు నూట అరవై ఐదు మిల్లీమీటర్లు. మామూలుగా వచ్చే క్రాంకుల్లో నూట డెబ్బయ్యైదు కూడా ఉంటుంది. ఫోన్‌లో పొరపాటున ఆ పొడవు వేశానని చెబితే తేడా సరిగ్గా వందకి ఆరు. రాయి తేడాకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. చూశారా, నేను కూడా జవాబు ముందు పెట్టుకుని రీడింగు వేసుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే మొదటి బస్సుకి నందిగామ వెళ్లాను. అమ్మ చర్చికి రావా అంటే షాపు పనుందన్నాను. రాయికి పెట్టిన పసుపు మొదటిదైతే, ఆ వారానికి అది నా రెండో అబద్ధం. స్కూలు గ్రౌండులో సారు టైర్లకి గాలి కొడుతున్నారు. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటోంది. నన్ను చూసి, "అక్కా, నన్ను సాగనంపడానికొచ్చావా?" అంది.

నిలబడే చెప్పాను. పొడవు తప్పు వేశాను సార్, తప్పు నాది, మంగళవారం నా డైరీ చూసుకుంటుంటే తెలిసింది. ఆ అమ్మాయి లేసు కట్టడం ఆపేసింది. సారు గాలి పంపు పక్కన పెట్టారు.

"మంగళవారం తెలిస్తే, ఇవాళ ఆదివారం కదమ్మా."

ఆయన కోప్పడలేదు.

ఆ అమ్మాయి లేసు ముడి వేస్తూ, నా వైపు చూడకుండా, ఎంత తగ్గుద్ది అక్కా అని అడిగింది. పన్నెండు వాట్లు అన్నాను.

"అంటే ఆ రోజు నేను తొక్కింది అంతేగా. కాళ్లు చేసిన పని అంతే. అయితే ఇప్పుడు సరిచెయ్యి. మళ్లీ తొక్కుతా."

సైకిల్ని నీడలోంచి బయట పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి జీరో చేశాను. ఫోన్‌లో, పొడవు కాదు, రాయితో పెంచిన అంకెని తగ్గించి సరిచేశాను. ఏం మార్చానో ఎవరూ చూడలేదు. సారు బండి మీద వెనక కూర్చుని వెళ్లాను. మునేటి వంతెన కనిపించేదాకా ఆ అమ్మాయి వీపు తప్ప నేనేమీ చూడలేదు. నూట తొంభయ్యేడు వచ్చింది. కీసర దగ్గర రోడ్డు పక్కన సైకిలు పడేసి కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చెయ్యి తీశాక చూస్తే, చెమట తుడుచుకుంటోంది. కొంత ఏడుపు కూడా ఉందేమో. సారు అక్కడే నిలబడి ఫోన్‌లో ఆ సంస్థకి ఉత్తరం రాశారు. అంకె తప్పు, కొత్త అంకె ఇదీ, వద్దంటే ఆగిపోతాం అని. గంట తర్వాత జవాబొచ్చింది. తీసుకురండి, చూద్దాం.

ట్రయల్‌లో నూట తొంభై ఐదు దగ్గర మొదలుపెట్టి ఇరవై నిమిషాలూ అదే బలం మీద నిలబెట్టిందట. ముందు ఉరికినవాళ్లలో కొందరు మధ్యలో దిగిపోయారట. మొదటి జాబితాలో మాత్రం తన పేరు లేదు. వానలు పడ్డాక ఎవరో అమ్మాయి మానేస్తే అప్పుడు పిలిచారు. చేరాక కొన్ని నెలల పాటు పొద్దున్నే జీరో చేసిన ఫోటో నాకు పంపేది, కింద ఏమీ రాయకుండా. తర్వాత ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిది. పనిలో పడిందన్నమాట.

షాపులో నా పని మారిపోయింది. ఓనరుగారికి కూడా ఆ క్రాంక్ పొడవు కథే చెప్పక తప్పలేదు. ఆయన నన్ను మళ్లీ బిల్లింగుకి పంపి, పవర్ మీటర్లు కొన్నాళ్లు తనే చూసుకున్నారు. గోడ మీద ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాల్లో "క్రాంక్ పొడవు రెండుసార్లు చూడవలెను" అని రాయించారు. సరిగ్గా నా కుర్చీ పైన. వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చదివి, తర్వాత నన్ను చదివేవారు. మేస్త్రి ఒక్కడే, కొలత టేపు నా బల్ల మీద పెట్టి, "నీ చెయ్యి ఏ పొడవూ తప్పు కొలవది. నాకెర్క లేదా?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ మాటకి నేను బల్ల కింద ఏదో వెతుక్కున్నాను.

ఒక మధ్యాహ్నం పెద్దాయన షాపులోకి వచ్చారు. మామూలుగా రారు. ఆ గోడ ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. కొడుకుని, ఏంట్రా ఇది అని అడిగి కథంతా విన్నారు. నా వైపు తిరిగి, ఆ శుక్రవారం పట్టుకెళ్లిన రాయి దీనికేనా అన్నారు. అవునండి అన్నాను. తల ఊపి వెళ్లిపోయారు. మర్నాడు ఎవరో వచ్చి గోడకి సున్నం వేశారు. ఆ సాయంత్రమే పవర్ మీటర్ల పెట్టెలు మళ్లీ నా బల్ల మీదికి వచ్చాయి.

ఆ తర్వాత ఏడాదికి నాకు ల్యాబ్ ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు అందరికీ చెప్పి, పెద్దాయనకి కూడా చెబుదామని కొట్లోకి వెళ్లాను. గల్లాపెట్టె కింద రాళ్ల వరసలో మూల రాయి కూడా ఉంది. పగిలిన అంచు చూసి గుర్తుపట్టాను. వెళ్లొస్తానండి తాతగారూ అన్నాను. కొత్త ఉద్యోగం ఎక్కడ, జీతం ఎలా ఉంటుంది, అమ్మా నాన్నా బావున్నారా అని అడిగారు. నేను గుమ్మం దిగబోతుంటే మళ్లీ పిలిచారు. ఆయన్ని చూడటం అదే ఆఖరు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు:

"ఆ రాయికి సీసం పోయించానమ్మా. పైన మాత్రం నువ్వు పెట్టినట్టే, వంటపసుపే పెట్టించా."